చెరువు గాలం: తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో కొర్రమీను వేటకు తొలి పాఠాలు

అమెరికాలో గాలం పట్టినవాళ్ళకు బాస్ చేప ఎలాగో, దక్షిణ రాయలసీమ చెరువు కట్టల మీద గాలం వేసేవాళ్ళకు కొర్రమీను అలాగ. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేద్ 1802లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. కొర్రమీనుకు జర్మన్ శాస్త్రవేత్త బ్లాక్ అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1793లో, పేరు పెట్టాడు. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. నడవడి మాత్రం ఒకటే. రెండూ కలుపు నీడన కదలకుండా పొంచి ఉంటాయి, కప్పో చిన్నచేపో దగ్గరికి రాగానే ఒక్క ఉదుటున మింగేస్తాయి. నీటి మీద తేలే రబ్బరు కప్పను చూసి మోసపోవడంలోనూ ఒకదాన్ని మించింది మరొకటి. అందువల్ల బాస్ వేటకు పుట్టిన రాడ్, రీలు, ఎర, విసురు దాదాపు మార్పు లేకుండా మన చెరువులకు పనికొస్తాయి. మన చెరువుల్లో బాస్ లేదు, దాని కోసం వెతకనక్కర లేదు.

కొత్తగా గాలం పట్టేవాళ్ళు ఎక్కువ డబ్బు రీలు మీద పెడతారు, తక్కువ సమయం నీళ్ళు చూడడం మీద పెడతారు. ఈ ప్రాంతంలో ఇది తిరగబడాలి. ఇక్కడి చెరువు వానకు నిండి ఎండకు ఎండేది. సంక్రాంతికి చేప దొరికిన చోట ఉగాది దాటేసరికి మేకలు మేస్తుంటాయి. చెరువు ఏ నెలలో ఎలా ఉంటుందో తెలిసినవాడు వెదురు కర్రతోనైనా పట్టుకొస్తాడు. అది తెలియనివాడి చేతిలో జపాన్ రీలున్నా ఖాళీ సంచితోనే తిరిగి వస్తాడు.

చెరువు తీరు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు. స్వర్ణముఖి, నీవా, ఆరణి, పాలారు అన్నీ వానాకాలపు ఏర్లే. నీటిని పట్టి ఉంచేవి వేల చెరువులు. వాటిలో విజయనగర రాజుల కాలం నాటివీ ఉన్నాయి. రామచంద్రాపురం దగ్గరి రాయలచెరువు పేరే ఆ సంగతి చెబుతుంది. 2021 నవంబరు వరదల్లో ఆ చెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో నీళ్ళు ఎర్రగా, బురదగా ఉంటాయి. మొరవ పారేటప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. అప్పుడు ఊరంతా వలలు, బుట్టలు పట్టుకుని అక్కడే ఉంటుంది, గాలానికి చోటుండదు. కొత్తవాళ్ళు ఆ ఉరవడికి దూరంగా ఉండడమే మేలు.

గాలానికి అసలు కాలం జనవరి నుంచి మొదలవుతుంది. నీళ్ళు తేరుకుంటాయి, అంచున తుంగ, జమ్ము పెరుగుతాయి, తామరాకులు పరుచుకుంటాయి. ఏప్రిల్, మే నాటికి చెరువు లోపలి గుంటల్లోకి కుంచించుకుపోతుంది, చేప చిక్కబడుతుంది. కొర్రమీనుకు మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గుక్క తిప్పుకుని పోతుంది, గుంట ఎండితే బురదలో దూరి కొంతకాలం బతుకుతుంది. పైకి రానివ్వకుండా వలలో బంధిస్తే మాత్రం నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది.

ఈ అలవాటే వేటగాడికి ఆనవాలు. పొద్దున్నే కట్ట మీద నిలబడి పావుగంట ఏమీ విసరకుండా నీళ్ళను చూడాలి. కలుపు మధ్య ఖాళీలో గుబుక్కుమని చిన్న సుడి లేచి, ఒకటి రెండు బుడగలు తేలి, మళ్ళీ నీరు సద్దుమణిగితే అక్కడ కొర్రమీను గాలి తీసుకుందని అర్థం. జిలేబి చేప ఎగిరితే చప్పుడు పలచగా ఉంటుంది, నీటి మీద వలయాలు వరుసగా విచ్చుకుంటాయి. ఈ తేడా వినికిడికి అందడానికి కొన్నాళ్ళు పడుతుంది. తూము దగ్గర, మునిగిన తుమ్మచెట్ల మొదట్లో, తామరాకుల అంచున, కట్ట రాళ్ళ సందుల్లో వెతకడం మంచి మొదలు. నడి చెరువులోకి ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అనుకోవడం వట్టి భ్రమ. కొర్రమీను చాలాసార్లు మన కాళ్ళకు పది పన్నెండు అడుగుల దూరంలోనే ఉంటుంది. అందుకే గట్టిగా అడుగులు వేస్తూ కట్ట దిగకూడదు, నీడ నీటి మీద పడనివ్వకూడదు.

ఏ చేపలు

చెరువులో వదిలేవి ముఖ్యంగా బొచ్చె, రాగండి, మృగాల. ఈ జాతులకు హార్మోను సూదితో గుడ్లు పెట్టించే పద్ధతిని 1957లో కటక్‌లో సాధించాక చేపపిల్లలు విరివిగా దొరికి చెరువు చేపల సాగు పెరిగింది. వీటి వెంట బంగారుతీగ, జెల్లలు, వాలుగ ఉంటాయి. జిలేబి 1952లో బయటి నుంచి దేశానికి వచ్చింది, ఇప్పుడు ఎవరూ వదలకుండానే చాలా చెరువుల్లో ఉంది. ఎక్కడైనా బతుకుతుంది, ఏదైనా తింటుంది, పిల్లలను విపరీతంగా పెడుతుంది. చెరువు పట్టినవాళ్ళకు తలనొప్పి గానీ గాలం నేర్చుకునే కుర్రాళ్ళకు అంతకంటే మంచి చేప లేదు, గంటలో పది సార్లు బెండు ముంచుతుంది. కొర్రమీను, దానికి తమ్ముడి లాంటి మట్టగిడస సహజంగా పుట్టేవి. నగరి, కుప్పం వైపు తమిళం మాట్లాడేవాళ్ళు కొర్రమీనును విరాల్ అంటారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దాన్నే రాష్ట్ర చేపగా ఎంచుకుంది.

వానలకు కొర్రమీను గుడ్లు పెడుతుంది. ఎర్రటి నారింజ రంగు పిల్లలు గుంపుగా నీటి పైపొరలో కదులుతుంటాయి, కిందనే తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు మీదికి ఏ ఎర విసిరినా పెద్ద చేప కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకునే కోపంతో. ఇంత తేలిక వేట మరొకటి లేదు, ఇంత చేటూ లేదు. కాపలా పోయిన మరుక్షణం పిల్లలు జెల్లల పాలు, కొంగల పాలు. పిల్లల గుంపు కనిపిస్తే రాడ్ మడిచి ముందుకు సాగడం మంచి వేటగాళ్ళు పాటించే కట్టుబాటు.

కర్ర, బెండు, గాలం

మొదటి నెలకు రీలు వద్దు. ఎనిమిది పది అడుగుల గట్టి వెదురు కర్ర, దానంత పొడవు నైలాన్ దారం, జీలుగు బెండు ముక్క లేదా నెమలి ఈక కాడ, మినపగింజంత సీసం, ఒక గాలం చాలు. గాలాల నంబర్లు తికమకగా ఉంటాయి: 10వ నంబరు గాలం 6వ నంబరు కంటే చిన్నది. జిలేబికి, చిన్న జెల్లలకు 8 నుంచి 10, రాగండికి 4 నుంచి 6 సరిపోతాయి. 1 దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0 అంటూ పరిమాణం పెరుగుతుంది. అవి పెద్ద నోరున్న చేపలకు.

సీసం బరువు బెండును దాదాపు ముంచేలా ఉండాలి, కొన మాత్రమే పైకి కనబడాలి. బెండు ఎక్కువగా తేలుతుంటే చేప ఎర లాగినప్పుడు దానికి బరువు తెలిసి ఉమ్మేస్తుంది. ఎరగా వానపాము అన్నిటికీ పనికొస్తుంది. రాగండికి, బంగారుతీగకు వేరుశనగ చెక్కను నానబెట్టి మైదాతో పిసికిన ముద్ద మంచిది. వేరుశనగ పండే ఈ జిల్లాల్లో చెక్క దొరకడం కష్టం కాదు. గట్టిగా వండిన రాగి సంగటి కూడా గాలానికి బాగా అంటుకుని నీటిలో నెమ్మదిగా కరుగుతుంది. గాలం వేయబోయే చోట ముందుగా గుప్పెడు చెక్క చల్లి ఓ అరగంట ఆగితే చేప చేరుతుంది.

బెండు కదలిక చూసి కింద ఏముందో చెప్పవచ్చు. జిలేబి పొడుస్తుంటే టుకటుక వణుకుతుంది. జెల్ల అందుకుంటే పక్కకు పరుగెత్తుతుంది. రాగండి తినేటప్పుడు ఒక్కోసారి మునగకపోగా పైకి లేచి పక్కకు పడుకుంటుంది, ఎందుకంటే చేప అడుగున ఎర అందుకుని తల ఎత్తగానే సీసం బరువు బెండు మీంచి తొలగిపోతుంది. కొత్తవాళ్ళు బెండు మునిగేదాకా ఆగి ఈ చేపను వదులుకుంటారు. లాగడం మణికట్టుతో చిన్న విసురుగా ఉండాలి, కర్రను తల వెనక్కి ఎగరేయకూడదు. వెనుక నిలబడ్డవాళ్ళ చెవులకు గాలాలు తగిలేది అందుకే.

ముడి ఒక్కటి నేర్చుకున్నా చాలు, అది సరిగా రావాలి. పాలోమర్ ముడికి దారాన్ని రెండు పేటలు చేసి గాలం కన్నంలోంచి దూర్చి, వదులుగా మామూలు ముడి వేసి, ఆ మడత లోంచి గాలాన్ని మొత్తం దాటించి, తడి చేసి లాగాలి. ఉమ్మితోనైనా తడపకుండా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. చాలామంది చేప దారం తెంపిందని చెప్పేవి నిజానికి ఇలా ఊడిన ముడులే.

రాడ్, రీలు, రబ్బరు కప్ప

కొర్రమీను కోసం రీలు కొనే రోజు వస్తే ఆరున్నర నుంచి ఏడు అడుగుల గట్టి రాడ్, 3000 పరిమాణం స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల అల్లిక దారం తీసుకోవాలి. ఇంగ్లీషువాళ్ళు బ్రెయిడ్ అనే ఈ దారం సాగదు. కలుపులో దూరిన చేపను బయటికి లాగాలంటే అది ముఖ్యం, సన్నటి నైలాన్ అక్కడ పనికిరాదు. బెయిట్‌కాస్టింగ్ రీలు బాస్ వేటగాళ్ళకు ఇష్టమే కానీ మొదట్లో దారం చిక్కులు పడి విసుగు పుట్టిస్తుంది, దాన్ని తరువాతికి వాయిదా వేయడం మంచిది. రీలులోని డ్రాగ్ అనే బిగింపును దారం తట్టుకునే బరువులో మూడో వంతుకు సర్దుతారు. కలుపు దట్టంగా ఉన్న చోట ఇంకాస్త బిగిస్తారు.

విసరడానికి బెయిల్ తీగ తెరిచి దారాన్ని చూపుడు వేలి కొనతో రాడ్‌కు అదిమి పట్టాలి. రాడ్‌ను వెనక్కి తీసుకెళ్ళి ముందుకు తెస్తూ, అది తల దాటి కంటి ఎదుటికి వచ్చే వేళ వేలు వదలాలి. ముందుగా వదిలితే ఎర ఆకాశానికి, ఆలస్యంగా వదిలితే కాళ్ళ ముందుకు. మొదట ఖాళీ పొలంలో సీసం కట్టి అలవాటు చేసుకుంటే చెరువు దగ్గర చెట్లకు ఎరలు వేలాడవు.

ఇక రబ్బరు కప్ప. దీని రెండు గాలాలూ వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి తామరాకు మీద పాకినా తగులుకోదు. చేప కొరికినప్పుడు మెత్తటి ఒళ్ళు నొక్కుకుపోయి కొనలు బయటపడతాయి. ఇదివరకు బతికున్న కప్పను గుచ్చి నీటి మీద ఆడించేవారు, ఇప్పటికీ కొందరు చేస్తారు. రబ్బరు కప్ప ఉండగా ఆ హింస అనవసరం, పైగా రబ్బరుది పదే పదే వాడుకోవచ్చు.

ఎరను చేప ఉందనుకున్న చోటి నెత్తిన పడేయకూడదు. నాలుగైదు అడుగులు దాటించి ఆకుల మీద వేసి, మెల్లగా జరుపుతూ ఖాళీ నీటి అంచుకు తెచ్చి ఆపాలి. రెండు మూడు క్షణాలు ఆగి, రాడ్ కొన చిన్నగా కదిపితే కప్ప ఒకసారి ఉలిక్కిపడినట్టు ఊగుతుంది. చేప అందుకునేది ఎక్కువగా ఇక్కడే. నీళ్ళు పెటిల్లున పేలుతాయి, కప్ప మాయమవుతుంది. ఆ చప్పుడుకే చేయి అదిరి వెంటనే గుంజితే ఎర నోట్లోంచి ఊడి మన ముఖానికే వస్తుంది. కొర్రమీను ఎరను పట్టుకుని లోపలికి తిరుగుతుంది, దారం బిగుసుకుని చేతికి బరువు తెలిసేదాకా ఆగాలి, ఆ తరువాత బలంగా లాగాలి. దాని నోటి లోపల ఎముక గట్టిది, మొండి గాలం దిగదు, అందుకే గాలం కొనలకు అప్పుడప్పుడూ ఆకురాయి పట్టాలి. లాగాక విరామం లేదు, తల పైకి ఉంచి ఆగకుండా చుట్టాలి. చేప ఒకసారి తామర తూళ్ళ కింద చుట్టుకుందంటే సగం పోయినట్టే.

పట్టుకునే తీరులో బాస్‌కూ కొర్రమీనుకూ పెద్ద తేడా ఉంది. బాస్ కింది పెదవిని బొటనవేలితో పట్టి ఎత్తి ఫొటోలు దిగుతారు, దాని పళ్ళు గరుకు కాగితం లాంటివి. కొర్రమీను నోట్లో వేలు పెట్టకూడదు, పదునైన పళ్ళున్నాయి. తడి గుడ్డతో ఒళ్ళు పట్టి, పొడవాటి ముక్కు పట్టకారుతో గాలం తీయాలి. గాలం కొన దగ్గరుండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేపకూ మంచిది, మన చేతికీ మంచిది.

పండుగప్ప

నిజంగా బాస్ పేరున్న చేప ఈ ప్రాంతంలో ఉందంటే అది పండుగప్ప. ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, తడ మండలాలు అందులో చేరాయి, వాటితో పాటు పులికాట్ సరస్సు తీరమూ చేరింది. చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పండుగప్ప సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు సరస్సుల్లోకి, ఏటి మొగల్లోకి వచ్చి పెరుగుతాయి. అది మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. అందుకే బాగా పెద్ద పండుగప్పలు దాదాపు అన్నీ ఆడవే. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ 1997లో దాని పిల్లలను హేచరీలో పుట్టించింది. మార్కెట్లో కనిపించే సాగు పండుగప్పకు దారి వేసింది ఆ పనే.

పులికాట్‌లో నీళ్ళు చాలా మేర నడుము లోతు కూడా ఉండవు, ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోవడం పాత బాధ. అక్కడ చేపలు పట్టడం ఊళ్ళ జీవనాధారం. సరస్సులో ఎక్కువ భాగం పక్షుల అభయారణ్యం కూడా. స్థానిక మత్స్యకారుల తోడు లేకుండా, వాళ్ళను అడగకుండా రాడ్ పట్టుకుని దిగడం తగదు. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా ఉండి దారాన్ని కోసేస్తుంది, అందుకని గాలానికి ముందు రెండడుగుల మేర మందపు నైలాన్ కలుపుతారు.

ఎక్కడ వేయవచ్చు, ఎక్కడ వద్దు

ఈ విషయంలో కొత్తవాళ్ళు ఎక్కువగా పొరపడతారు. చెరువులో నీళ్ళు అందరివీ కావచ్చు, చేపలు కావు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానికో, పంచాయతీ వేలంలో పాడుకున్నవాళ్ళకో ఉంటుంది. ముందుగా వాళ్ళను అడగాలి. చేపపిల్లలను తినేస్తుందని కొర్రమీనును వాళ్ళు శత్రువుగా చూస్తారు కాబట్టి, "అన్నా, రాగండి ముట్టను, కొర్రమీనుకు మాత్రం గాలం వేసుకుంటా" అంటే సరేననే వీలు ఎక్కువ. పిచ్చాటూరు దగ్గరి ఆరణియార్, పెనుమూరు మండలంలో నీవా మీది ఎన్టీఆర్ జలాశయం వంటి పెద్ద నీటి వనరుల దగ్గర మత్స్యశాఖ నిబంధనలు కనుక్కుని వెళ్ళాలి.

చంద్రగిరి దగ్గరి కల్యాణి డ్యాం తిరుపతి, తిరుమలకు తాగునీరిచ్చేది, అక్కడ వద్దు. తలకోన సహా శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోని వాగుల్లోనూ, ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యంలోనూ గాలం వన్యప్రాణి చట్టం కింద నేరమవుతుంది. తిరుమల కొండ మీద ఆ మాటే లేదు. విష్ణువు మత్స్యరూపంలో కొలువైన నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయం తిరుపతి జిల్లాలోనే ఉంది. గుడి కోనేటి చేపలకు మరమరాలు వేయడం వరకే మర్యాద.

తోటాలు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టం నిషేధించింది. శిక్ష అప్పట్లో రెండు నెలల దాకా జైలు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా. తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున పారేయకపోవడం గురించి ఏ చట్టమూ చెప్పకపోయినా అది కొంగల కాళ్ళకు ఉరి. చుట్టి జేబులో వేసుకోవాలి.

దొరలు, ప్రవాసులు

దొరల కాలంలో గాలం గురించి పుస్తకాలు రాసినవాడు మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్. ఆయన ‘ద రాడ్ ఇన్ ఇండియా’ 1873లో వచ్చింది, 1887లో ఒక్క చెరువు వేట మీదనే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్య పట్టణం, ప్రత్యేక జిల్లా 1911లో వచ్చింది. దొరలకు గాలం వేడుక, ఊళ్ళో అది కూరకు దారి. ఈ తేడా ఇంకా పోలేదు. ఇప్పుడు సెలవు రోజుల్లో ఖరీదైన రాడ్లతో వచ్చి, పట్టిన చేపను వదిలేసి వెళ్ళే పట్టణపు కుర్రాళ్ళను చూసి కట్ట మీది పెద్దవాళ్ళు నవ్వుకుంటారు. ఎవరి లెక్క వాళ్ళకుంది, చెరువుకు మాత్రం వదిలేసేవాళ్ళే మేలు.

బాస్ వేట అమెరికాలో పెద్ద వ్యాపారమైంది రే స్కాట్ 1967లో అర్కన్సాస్‌లోని బీవర్ సరస్సులో పోటీ పెట్టాక. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు గాలం వేయాలంటే ముందు రాష్ట్రపు లైసెన్సు కొనాలి, చేపను ఇంటికి తేవాలంటే కొలిచి చూడాలి. ఉదాహరణకు టెక్సాస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు తప్పనిసరి. లార్జ్‌మౌత్ బాస్ మామూలుగా 14 అంగుళాలకు తగ్గితే వదిలేయాలి, రోజుకు అయిదుకు మించి ఉంచుకోకూడదు. కొర్రమీనుకు దగ్గరి చుట్టమైన ఉత్తర స్నేక్‌హెడ్ 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో బయటపడి అక్కడి పత్రికల్లో పెద్ద గగ్గోలు పుట్టించింది. అదే ఏడాది స్నేక్‌హెడ్ జాతులను అమెరికా ప్రభుత్వం హానికర జీవుల జాబితాలో చేర్చింది. పోటోమాక్ నదిలో అది ఇప్పుడు స్థిరపడింది, రబ్బరు కప్పకు మన కొర్రమీను లాగే పడుతుంది. చంపి వండుకోవడానికి అభ్యంతరం లేదు. బతికున్నదాన్ని బకెట్లో వేసుకుని ఇంటికి బయలుదేరితే మాత్రం కేసు అవుతుంది.